పరుగుకు పెట్టవలసిన అన్నం

(కోడి రామ్మూర్తి నాయుడు గారి స్మృతికి అంకితమైన ఉపన్యాసం పూర్తి పాఠం)

పెద్దలు ముందు వరుసల్లో ఉన్నారు. తెల్లవారుజామున మైదానంలో పరుగు తీసి, బట్టలైనా మార్చుకోకుండా ఇటు వచ్చిన పిల్లలు వెనక కూర్చున్నారు. నేను చెప్పబోయేది ఎక్కువగా ఆ వెనక వరుసల వాళ్ళ కోసం. వాళ్ళకి పనికిరాని మాట రామ్మూర్తి నాయుడు గారి పేరు మీద చెప్పడం నాకు మనస్కరించదు.

ఆయన పుట్టింది వీరఘట్టంలో. నిన్నమొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. పెరిగింది, కుస్తీ సాము నేర్చింది విజయనగరంలో. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలోనే పిల్లలకి కసరత్తు నేర్పారు. తర్వాత సర్కస్ పెట్టి దేశమంతా తిరిగారు. ఒంటికి చుట్టిన ఇనప గొలుసుని ఊపిరి బిగించి తెంపడం, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, చేతులకు కట్టిన తాళ్ళతో రెండు మోటారు కార్లను కదలకుండా పట్టి ఉంచడం మన తాతలు కళ్ళారా చూసి చెప్పిన సంగతులు. ఇంత బలం సంపాదించినాయన శాకాహారి. ప్రాణాయామం ఆయన సాధనలో పెద్ద భాగం. 1942లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో మనం రోజూ పరుగు తీసే స్టేడియం ఆయన పేరుతోనే ఉంది.

ఆ స్టేడియంలో ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్న సాధన వేరు. గొలుసు తెంపడం కొన్ని సెకన్ల పని. మీరు చేస్తున్నది నిమిషాల పని, గంటల పని. సైన్యంలో చేరేందుకు జరిగే అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లోపు పరిగెత్తితే పూర్తి 60 మార్కులు. పోలీసు కానిస్టేబులు పరీక్షలో అదే దూరానికి మగపిల్లలకి 8 నిమిషాలు, ఆడపిల్లలకి పదిన్నర నిమిషాలు. నలభై దాటిన ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, వ్యాపారులు విశాఖ నేవీ మారథాన్‌కి పేరు ఇచ్చి నాగావళి ఒడ్డున, అరసవల్లి దారిలో, విజయనగరం అయోధ్య మైదానంలో తెల్లారకుండానే నడుం బిగిస్తున్నారు. వీళ్ళందరి కోరికా ఒకటే: దమ్ము పెరగాలి, పొట్ట తగ్గాలి. రెండూ ఒకేసారి కావాలి. రెండూ ఒకేసారి సాధ్యమే. కాకపోతే చాలామంది ఎంచుకుంటున్న దారి రెండింటినీ చెడగొడుతోంది.

ఆ దారి ఏమిటో చెప్పేముందు కండ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ఈ విషయం లోకానికి చెప్పినవాళ్ళలో ఒకరు మనవాడే కావడం గర్వకారణం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని కనుక్కున్నారు. కండ ఒక్కసారిగా బలం చూపించవలసి వచ్చినప్పుడు మొదట ఖర్చయ్యేది అదే. పూర్తి బలంతో చేసే పనికి సుమారు పది సెకన్లకి మించి అది రాదు. రామ్మూర్తి గారు గొలుసు తెంపిన ఆ క్షణానికి శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఆయన బతికుండగానే, మరో తెలుగువాడు బోస్టన్‌లో చూపించాడన్నమాట. వీళ్ళిద్దరినీ ఒక్క వాక్యంలో కలపగలిగినందుకు నాకు చాలా ఆనందంగా ఉంది.

పది సెకన్ల తర్వాత సంగతి వేరు. అప్పుడు కండ రెండు నిల్వల మీద ఆధారపడుతుంది. ఒకటి గ్లైకోజెన్, అంటే మనం తిన్న అన్నం, అంబలి, అరటిపండు చక్కెరగా మారి కండల్లోనూ కాలేయంలోనూ దాగిన రూపం. మామూలు మనిషిలో ఇది అంతా కలిపి సుమారు అర కిలో ఉంటుంది, అంటే రెండు వేల కేలరీలు. రెండోది కొవ్వు. 65 కిలోల మనిషి ఒంట్లో అయిదో వంతు కొవ్వు ఉంటే అది 13 కిలోలు. ఒక కిలో ఒంటి కొవ్వుకి సుమారు 7,700 కేలరీల లెక్కన లక్ష కేలరీలు. ఇంత నిల్వ ఉన్నప్పుడు అన్నం ఎందుకు, కొవ్వు మీదే పరిగెత్తవచ్చు కదా అని అడగబుద్ధేస్తుంది. నెమ్మదిగా నడిచినంతసేపు, మాట్లాడుతూ పరిగెత్తగలిగినంతసేపు కొవ్వు చాలామటుకు పనిచేస్తుంది. వేగం పెరిగి మాట ఆగి ఆయాసం మొదలయ్యేసరికి, కొవ్వు నుంచి శక్తి రావలసినంత జోరుగా రాదు. అప్పుడు కండ అడిగేది గ్లైకోజెన్‌నే. 1,600 మీటర్ల పరుగు దాదాపు పూర్తిగా దాని మీదే నడుస్తుంది. ఇరవై కిలోమీటర్ల పరుగులో కొవ్వు సగం బరువు మోసినా, గ్లైకోజెన్ అయిపోయిన చోట కాళ్ళు కదలవు.

ఇప్పుడు ఆ తప్పుదారి. ర్యాలీకి రెండు నెలలుందనగా కుర్రాడు అన్నం మానేస్తాడు. పొద్దున్న పరగడుపున పరుగు, మధ్యాహ్నం రెండు చపాతీలు, రాత్రి ఏమీ లేదు. మొదటి వారంలోనే రెండు మూడు కిలోలు తగ్గుతాడు. ఎంత సంతోషమో! తగ్గినదాంట్లో చాలా భాగం కొవ్వు కాదని అతనికి ఎవరూ చెప్పరు. గ్లైకోజెన్ ప్రతి గ్రాముతోపాటు మూడు గ్రాముల దాకా నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం ఆగితే గ్లైకోజెన్ ఖాళీ అవుతుంది, దానితో నీరూ పోతుంది. త్రాసు మీద కనిపించింది ఎక్కువగా ఆ నీరే. రెండో వారానికి పరుగు సమయం పెరుగుతుంది. ఆరు నిమిషాలకి వచ్చినవాడు ఆరున్నరకి వస్తాడు. సాధన చాలట్లేదనుకుని ఇంకో రెండు రౌండ్లు కలుపుతాడు. తిండి మాత్రం కలపడు. మూడో వారానికి పిక్కలు పట్టేస్తాయి, నిద్ర పట్టదు, చీటికీమాటికీ కోపం. కండ కరిగి చక్కెరగా మారడం మొదలవుతుంది. కొవ్వు కోసం బయలుదేరినవాడు కండను పోగొట్టుకుని కూర్చుంటాడు. ఇలాంటి పిల్లలు ఎంతోమంది నా దగ్గరికి వచ్చారు. వాళ్ళలో ఏ ఒక్కరూ సోమరి కాదు. అందరూ కష్టజీవులే, అందుకే నాకు బాధ.

త్రాసు గురించి మరో మాట. 2004లో లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. పుణెకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లోని డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో అందులో ఉంది. ఎత్తూ బరువూ లెక్క కడితే ఇద్దరికీ వచ్చే బీఎంఐ ఒక్కటే: 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడి ఒంట్లో, ముఖ్యంగా పొట్ట చుట్టూ, ఎంత కొవ్వు దాగి ఉంటుందో ఆ ఫోటో చెప్పినట్టు మరేదీ చెప్పదు. అందుకే మనవాళ్ళకి బీఎంఐ 23 దాటగానే అధిక బరువు కింద లెక్క. టేపు తీసుకుని బొడ్డు దగ్గర కొలుచుకోండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే తగ్గించుకోవలసింది ఉన్నట్టే. ఆ లోపల ఉంటే, త్రాసు ఏం చెప్పినా, మీకు తిండి తగ్గించే పనే లేకపోవచ్చు.

త్రాసు మీద బరువు పెరగడం ఎప్పుడూ చెడ్డది కాదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లేశ్వరి 1994, 1995లలో వెయిట్‌లిఫ్టింగ్ 54 కిలోల తరగతిలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చినప్పుడు ఆమె పోటీ చేసింది 69 కిలోల తరగతిలో. ఆ పెరిగిన బరువు కండగా పనికొచ్చింది. నెల్లిమర్ల దగ్గర బరువులెత్తేవాళ్ళ ఊరు కొండవెలగాడలో ఏ ఇంటికి వెళ్ళి అడిగినా ఈ సంగతి చెబుతారు. ఎన్ని కిలోలున్నామన్న దానికంటే, ఉన్న కిలోల్లో ఏముందన్నది ముఖ్యం.

మరి ఎంత తగ్గించాలి? వారానికి అర కిలో. 70 కిలోల వాళ్ళకి అంతకంటే వేగం వద్దు. సన్నగా ఉన్నవాళ్ళకి అదీ ఎక్కువే, పావు కిలో చాలు. అర కిలో కొవ్వంటే సుమారు 3,850 కేలరీలు, రోజుకి 550. ఇందులో కొంత పరుగు నుంచే వస్తుంది. పరుగు ఖర్చు లెక్క చాలా సులువు: కిలో బరువుకి, కిలోమీటరు దూరానికి, ఒక కేలరీ. 70 కిలోల మనిషి పది కిలోమీటర్లు పరిగెత్తితే 700. రెండు వందల గ్రాముల బియ్యం వండితే వచ్చే శక్తి కూడా అంతే. పరుగులో అంత పోయాక, తిండిలో మళ్ళీ అంత కోస్తే శరీరం ఎక్కడ నిలబడుతుంది?

ఈ ఉపన్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పరుగుకు ఇవ్వవలసిన అన్నం పరుగుకు ఇచ్చేయండి. తగ్గించుకోవడం పరుగు లేని రోజున, పరుగుకు దూరంగా ఉన్న పూటన చేసుకోండి. వారంలో పొడుగు పరుగు రోజు, వేగం పెంచి రౌండ్లు తీసే రోజు తిండి తగ్గించవద్దు. ఖర్చయినంతా తినండి. తేలిక రోజున రాత్రి అన్నంలో ఒక గరిటె తగ్గించండి. విశ్రాంతి రోజున రెండు పూటలా తగ్గించండి. వారం మొత్తానికి లెక్క సరిపోతే చాలు. శరీరం రోజువారీ పద్దు రాసుకోదు. ప్రొటీన్ మాత్రం ఏ రోజూ తగ్గకూడదు. తిండి తగ్గినప్పుడు కండ కరగకుండా కాపాడేది అదే కాబట్టి, తగ్గించే రోజుల్లో అది ఇంకా అవసరం. మామూలుగా కూర్చుని పనిచేసే మనిషికి కిలో బరువుకి 0.8 గ్రాములు చాలంటే, పరుగు సాధన చేసేవాళ్ళకి 1.2 నుంచి 2 గ్రాముల దాకా కావాలని క్రీడా పోషణ శాస్త్రం చెబుతోంది. మన ప్రాంతానికి నేను 1.4 దగ్గర ఆగమంటాను. ఎందుకో కొంచెం ఆగి చెబుతాను.

తిండి సంగతికి వద్దాం. దీనికి ఓట్స్ డబ్బాలు, విదేశీ గింజలు కొననక్కర్లేదు. మన అవ్వలు వండినవి చాలామటుకు సరిపోతాయి. సీతంపేట కొండల్లో సవరలు సామలు, కొర్రలు, చోళ్ళు (రాగులు), కందులు పండించుకుని, తిని, రోజంతా కొండ ఎక్కి దిగుతారు. కింద ఊళ్ళలో కూడా చోడి అంబలి, గంటి (సజ్జ) అంబలి తాగి పొలం వెళ్ళినవాళ్ళే మన తాతలు. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక పేద ఇంట్లో రెండు పూటలా వరి అన్నం వచ్చింది. ఆకలితో పడుకున్న ఇళ్ళు కడుపు నింపుకున్నాయి, దాన్ని నేను ఒక్క మాట కూడా తక్కువ చెయ్యను. అయితే ఆ నలభై ఏళ్ళలో చోళ్ళు పొలంలోంచీ కుండలోంచీ పోయాయి. ఒంటి కష్టం తగ్గింది, అన్నం కుప్ప మాత్రం అంతే ఉంది. కంచంలో మూడు వంతులు అన్నం, ఒక పక్కన పలచని చారు, ఇంత పచ్చడి. పొట్ట చుట్టూ కొవ్వుకీ, కండ లేమికీ ఈ కంచమే మూలం.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా లేదు. కాళ్ళ ఎముకల మీద రోజూ వేల అడుగులు మోపేవాళ్ళకి ఈ తేడా చిన్నది కాదు. ఉలవలు, కందిపప్పు, పెసలు వందకి 22 గ్రాములకి అటూ ఇటూ ప్రొటీన్ ఇస్తాయి. ఉలవల్ని చారు కాచి పిప్పి పశువులకి వెయ్యడం మన అలవాటు. పరుగు తీసేవాళ్ళ ఇంట్లో ఆ గింజ మనిషికే దక్కాలి. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. భావనపాడులో, కళింగపట్నంలో, బారువలో ఒడ్డుకొచ్చే నెత్తళ్ళు, కవళ్ళు ఖరీదు తక్కువ, ప్రొటీన్ ఎక్కువ, గుండెకు మంచి చేసే కొవ్వు వాటిలో ఉంది. వేపుడు మాని పులుసు పెట్టుకోండి. ఎండు చేపలు కూడా మంచివే గాని ఉప్పు విపరీతం, రోజూ వద్దు.

ఒక రోజు ఎలా ఉండవచ్చో చెబుతాను. 70 కిలోల మనిషి, వారానికి నాలుగు రోజులు పరుగు, రోజుకి 2,600 కేలరీలు ఖర్చవుతాయనుకుందాం. అతనికి తేలిక రోజున 2,200 చాలు. చీకటితో లేచి ఒక అరటిపండు తిని, గ్లాసు నీళ్ళు తాగి పరుగుకి వెళ్ళాలి. తిరిగొచ్చిన అరగంటలో అరవై గ్రాముల చోడిపిండితో కాచిన అంబలి మజ్జిగ కలిపి తాగి, రెండు కోడిగుడ్లు తినాలి. మధ్యాహ్నం వంద గ్రాముల బియ్యం అన్నం, నలభై గ్రాముల పప్పుతో చేసిన ముద్దపప్పో ఆకుకూర పప్పో, నూట యాభై గ్రాముల చేప పులుసు, కంచంలో అన్నమంత చోటు పట్టే కూర, చిన్న గిన్నెడు పెరుగు. సాయంత్రం గుప్పెడు ఉలవలో సెనగలో ఉడికించి ఉల్లిపాయ, నిమ్మరసం వేసుకోవాలి. రాత్రి ఎనభై గ్రాముల సామ బియ్యమో వరి బియ్యమో వండుకుని, మళ్ళీ పప్పు, కూర. పడుకోబోయే ముందు గ్లాసు పాలు. రోజు మొత్తానికి నూనె నాలుగైదు చెంచాలు, చిన్న చెంచాతో. ఇందులో వంద గ్రాముల ప్రొటీన్ వచ్చేసింది, కిలోకి 1.4. చేప తినని ఇళ్ళలో రామ్మూర్తి గారి దారే: పప్పు, ఉలవ, పెరుగు పాళ్ళు పెంచి, సోయా గింజలో పన్నీరో కలపండి. పొడుగు పరుగు రోజున ఇదే తిండికి, ముందు రాత్రి ఇంకో గిన్నెడు అన్నం, పరుగుకి ముందు మరో పండు, పరుగయ్యాక రెండు మూడు ఇడ్లీలు కలిపితే 2,600కి చేరుతుంది. చద్దన్నం పెరుగు ఉల్లిపాయతో తినే అలవాటున్నవాళ్ళు మానక్కర్లేదు. పరుగు తర్వాత అది చక్కగా పనికొస్తుంది.

మన దగ్గర లెక్క తప్పేది కొబ్బరి దగ్గరా జీడిపప్పు దగ్గరా. ఉద్దానంలో కొబ్బరి పడని కూర ఉండదు, పలాసలో జీడిపప్పు లేని పలకరింపు ఉండదు. రెండూ మంచి తిండే. కాని పచ్చి కొబ్బరి వందకి సుమారు 400 కేలరీలు, జీడిపప్పు 580 దాకా. కబుర్లలో పడి రెండు గుప్పెళ్ళు నమిలితే నాలుగైదు కిలోమీటర్ల పరుగు తుడిచిపెట్టుకుపోతుంది. కొలిచి తినండి, మానేయవద్దు. కొవ్వు పదార్థాలు మొత్తం కేలరీల్లో అయిదో వంతు కంటే తగ్గితే హార్మోన్లు దెబ్బతినవచ్చు. పండగ తిండి సంగతీ అంతే: విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం రోజున అమ్మ వండింది వద్దనే శిక్షణ నేను ఎవరికీ ఇవ్వను.

1.4 దగ్గర ఆగమని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. ఇది ఈ సభలో అందరికంటే ఎక్కువగా ఉద్దానం పిల్లలు వినాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. చక్కెర జబ్బు లేని, రక్తపోటు లేని మనుషులకి, ఎక్కువగా తోటల్లో ఎండలో పనిచేసేవాళ్ళకి వస్తోంది. కారణం ఇదేనని శాస్త్రం ఇంకా తేల్చలేదు. మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీలకి ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడి పరిశోధకుల అనుమానం మొదట ఎండ వేడి మీద, ఒంట్లో పదేపదే నీరు ఇంకిపోవడం మీద. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరిచారు. అది రోగానికి చికిత్స. పరుగు తీసే పిల్లలకి కావలసింది ముందు జాగ్రత్త.

ఈ జబ్బు చాలా దూరం వెళ్ళేదాకా బయటపడదు. కాళ్ళు వాచవు, నొప్పి ఉండదు, పరుగు కూడా బాగానే సాగుతుంది. అలాంటి కుర్రాడు జిమ్‌లో ఎవరో చెప్పారని డబ్బా పొడి రోజుకి మూడు సార్లు కలుపుకుని తాగితే, అప్పటికే అలసిన మూత్రపిండం మీద బరువు పెంచినట్టే. జబ్బు ఉన్నవాళ్ళకి వైద్యులు ప్రొటీన్‌ని కిలోకి 0.6, 0.8 గ్రాములకి తగ్గిస్తారు. నేను చెప్పిన పట్టిక వాళ్ళది కాదు. కాబట్టి ఉద్దానంలో పుట్టి పరుగు తీసే ప్రతి కుర్రాడూ, ప్రతి ఆడపిల్లా, తిండి మార్చే ముందే రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకోవాలి. గట్టి సాధన చేసిన మర్నాడు క్రియాటినిన్ కొంచెం ఎక్కువ చూపించవచ్చు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని వెళ్ళండి. ఆరోగ్యవంతులకైనా పొడులు అక్కర్లేదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దని స్పష్టంగా ఉంది.

ఇంకో ప్రమాదం నొప్పి మాత్రలు. పిక్క పట్టేసిందని, మోకాలు లాగుతోందని మందుల షాపుకి వెళ్ళి డైక్లోఫినాక్‌, ఐబుప్రోఫెన్ కొని వేసుకుని మళ్ళీ ఎండలో పరుగు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండానికి రక్తం అందించే సన్నని నాళాలు మూసుకుపోకుండా శరీరం ఒక ఏర్పాటు చేసుకుంటుంది. ఈ మాత్రలు సరిగ్గా ఆ ఏర్పాటునే ఆపేస్తాయి. పరుగు రోజున వాటిని ముట్టవద్దు. నొప్పి ఉంటే పరుగు ఆపండి. రెండు రోజుల పరుగు పోతే పోయింది.

బరువు తగ్గాలని నీళ్ళు తగ్గించడం, చెమట పట్టడానికి ప్లాస్టిక్ జాకెట్ వేసుకుని పరిగెత్తడం మన మైదానాల్లో చూస్తున్నాను. చెమటతో పోయేది నీరూ ఉప్పూ. ఒక్క గ్రాము కొవ్వు కూడా పోదు. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మన చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఆ జాకెట్ వేసుకుంటే వేడి లోపలే నిలిచిపోతుంది. వేసవిలో పొద్దున్న ఆరు గంటలలోపు పరుగు ముగించండి. పరుగుకి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టు. తర్వాతి కొన్ని గంటల్లో లీటరుంబావు దాకా కొంచెం కొంచెంగా తాగాలి. ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ, నిమ్మకాయ ఉప్పు బెల్లం కలిపిన నీళ్ళు ఇందుకు సరిగ్గా సరిపోతాయి. గంట దాటిన పరుగులో మధ్యలో బెల్లం ముక్కో అరటిపండో తినాలి, గంటకి ముప్పై నుంచి అరవై గ్రాముల చక్కెర కండకి కావాలి.

కొబ్బరి నీళ్ళ గురించి ఉద్దానం వాళ్ళు తప్పక అడుగుతారు. కొబ్బరి నీళ్ళలో పొటాషియం చాలా ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం. ఆరోగ్యవంతులు ఒక బొండం తాగి, దానితో చిటికెడు ఉప్పు వేసుకుంటే మంచిదే. మూత్రపిండం దెబ్బతిన్నవాళ్ళకి ఆ పొటాషియం గుండె లయని చెడగొట్టేంత ప్రమాదం. తోట నిండా బొండాలున్న ఇంట్లో ఈ మాట చెప్పడం కష్టమే. అయినా చెప్పక తప్పదు, పరీక్ష చేయించుకోమని బతిమాలేది అందుకే.

ఆడపిల్లలతో విడిగా మాట్లాడాలి. పోలీసు ఉద్యోగం కోసం పరుగు మొదలుపెట్టిన అమ్మాయిల్లో కొందరికి రెండు మూడు నెలలకి నెలసరి ఆగిపోతుంది. సాధన బాగా జరుగుతోందనడానికి అది గుర్తని ఎవరో చెప్పి ఉంటారు. పచ్చి అబద్ధం. తిన్నది పరుగుకే సరిపోయి, ఒంటి మిగతా పనులకి శక్తి మిగలనప్పుడు శరీరం ముందుగా ఆపేవాటిలో నెలసరి ఒకటి. దాని వెనకే ఎముక పలచనై, పాదంలోనో కాలిలోనో చీలిక వస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీన్ని క్రీడాకారుల్లో శక్తి లోపంగా గుర్తించి, మగవాళ్ళకీ వస్తుందని చెప్పింది. నెలసరి రెండు నెలలు రాకపోతే తిండి పెంచండి, డాక్టరమ్మకి చూపించుకోండి, పొట్ట తగ్గించే ఆలోచన పక్కన పెట్టండి. రక్తహీనత ఉన్న అమ్మాయి ఎంత పరిగెత్తినా దమ్ము పెరగదు. మునగాకు, తోటకూర, ఉలవలు తింటూ పక్కన నిమ్మకాయో ఉసిరో ఉండేలా చూసుకోండి, భోజనానికి గంట ముందూ వెనకా టీ మానండి, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఇళ్ళలో మగపిల్లాడికి గుడ్డు, ఆడపిల్లకి చారు పెట్టే అలవాటు ఇంకా ఉంది. అదే పరీక్షకి వెళ్తున్న పిల్లకి అదే గుడ్డు పెట్టాలి.

చివరగా, ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్న. ర్యాలీకో మారథాన్‌కో కనీసం మూడు వారాల ముందు తగ్గించడం పూర్తిగా ఆపేయండి. ఆ మూడు వారాలు కడుపు నిండా తింటూ, పరుగు తగ్గించుకుంటూ రావాలి. గ్లైకోజెన్ నిండుతుంది, దానితో నీరూ చేరి కిలో, కిలోన్నర పెరుగుతారు. త్రాసు చూసి కంగారు పడవద్దు. ఆ పెరిగిన బరువే పరుగు రోజున మీ కాళ్ళలో ఉండే శక్తి. ముందు రోజు రాత్రి కొత్త వంటలు, నూనె వంటలు వద్దు. అన్నం, పప్పు, పెరుగు. పొద్దున్న రెండు గంటల ముందు ఇడ్లీలు, పండు.

పిల్లల్ని ర్యాలీలకి తయారుచేస్తున్న శిక్షకులకి, డ్రిల్లు మాస్టర్లకి ఒక విన్నపం. చేరిన రోజున ఫీజు రసీదుతోపాటు పిల్లల బొడ్డు చుట్టుకొలత, హిమోగ్లోబిన్, క్రియాటినిన్ రాసుకోండి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వాళ్ళతో మాట్లాడి బ్యాచ్ మొత్తానికి ఒకే రోజున పరీక్షలు పెట్టించండి. పరుగు ముగిసే గేటు దగ్గర ఒక కుండెడు ఉప్పు మజ్జిగ, ఉడికించిన గుడ్ల బుట్ట ఉంచండి. హాస్టల్లో ఉండే పిల్లలకి రాత్రి కూడా పప్పు అందుతోందో లేదో వెళ్ళి కనుక్కోండి.